రాయి ఉన్నచోటే

ఊళ్ళో బస్సు దిగగానే నేరుగా రాయి దగ్గరికి వెళ్ళకండి. ముందు టీ కొట్టు దగ్గర కూర్చోండి. ‘ఇక్కడ శాసనం ఎక్కడుందండీ’ అని అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు. ‘రాతలున్న రాయి ఎక్కడైనా ఉందా’ అని అడగండి. నలుగురూ నాలుగు చోట్లు చెబుతారు. చెరువు కట్ట మీద ఒకటి, పాత శివాలయం ముందు ఒకటి, బడికి పోయే దారిలో వేపచెట్టు కింద ఒకటి, ఎవరి దొడ్లోనో గేదెను కట్టేసేది ఒకటి. నాలుగూ రాసుకోండి. తర్వాత ఇంకో ప్రశ్న: ‘వాటికి పూజ ఎవరు చేస్తారు?’ అది తెలుసుకోకుండా రాయి మీద చెయ్యి వేయకూడదు. పసుపు రాసి బొట్టు పెట్టిన ఆ రాయి మీకు శాసనం కావచ్చు, ఆ ఊరికి పోచమ్మ.

దారిపక్క రాళ్ళ మీది రాతలకు నకళ్ళు తీయడం, వాటిని చదవడం, రాయి పక్కన నాలుగు వాక్యాల బోర్డు రాయించి నిలబెట్టడం నా పని. సహాయకుడిగా చేరాను. బిందెలతో నీళ్ళు మోశాను, బ్రష్షులు కడిగాను, కాగితం చుట్టలు తడవకుండా చంకలో పెట్టుకుని ఎన్నో గట్లు ఎక్కాను. అక్షరం నేర్పింది మా పెద్దసారు. రాయిని నేర్పింది ఒక వడ్డెర మేస్త్రి. ఈ ఇద్దరిలో ఎవరు లేకపోయినా నాకు ఈ పని సగమే వచ్చి ఉండేది.

పెద్దసారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. ఇవి దారిన పోయేవాళ్ళు చదవాలని నిలబెట్టిన రాళ్ళు, దాచుకోవడానికి చెక్కించినవి కావు. చెరువు తవ్వించినవాడు కట్ట మీద నిలబెట్టాడు. భూమి దానమిచ్చినవాడు ఆ భూమి పొలిమేరలో నిలబెట్టాడు. పశువుల మందను దొంగల నుంచి కాపాడబోయి చచ్చిపోయినవాడికి ఊరివాళ్ళు ఊరి మొగన వీరగల్లు నాటారు. అందుకే రాయి మీద ఏముందో చదవకముందు అది ఎక్కడుందో చూడాలి. నిలబడి నాలుగు దిక్కులూ చూడాలి. ఎదురుగా చెరువుందా, పాత బండిదారి ఉందా, కూలిన గుడి దిబ్బ ఉందా? నోట్‌బుక్కులో మొదటి పేజీ దానికే.

వీరగల్లుకు అక్షరాలు లేకపోయినా చదవొచ్చు. కింది అరలో వీరుడు కత్తో విల్లో పట్టుకుని ఉంటాడు. పై అరలో అప్సరసలు అతన్ని చెరో పక్కా పట్టుకుని తీసుకుపోతుంటారు. ఆ పైన కైలాసం, శివలింగం. పొలిమేర రాళ్ళకూ గుర్తులుంటాయి. త్రిశూలం ఉంటే శివుడి మాన్యం, శంఖచక్రాలుంటే విష్ణువుది, ఒకదాని మీద ఒకటిగా మూడు గొడుగులు చెక్కి ఉంటే జైన బసదిది. సూర్యచంద్రులు దాదాపు అన్నింటి మీదా ఉంటారు. వాళ్ళున్నంతకాలం ఈ దానం నడవాలని అర్థం. చదువురాని వాడికి కూడా విషయం తెలియాలని ఆ బొమ్మలు.

ఇక పనిలోకి. ముందు శుభ్రం చేయడం. ఇక్కడే కొత్తవాళ్ళు తొందరపడతారు. ఇనుప బ్రష్షు అసలు సంచీలో కూడా పెట్టుకోకండి. నల్లరాయి కొంత ఓర్చుకుంటుంది కానీ పల్నాటి వైపు నాపరాయి పొరలుగా లేస్తుంది, ఆ పొరతో పాటు అక్షరమూ పోతుంది. కొబ్బరి పీచు, నైలాను బ్రష్షు, నీళ్ళు చాలు. యాసిడ్ పేరు కూడా ఎత్తొద్దు. సున్నం కొట్టిన రాయైతే తడిపి, ఆగి, మళ్ళీ తడిపి, వెదురు పుల్లతో అంచుల నుంచి లేపాలి. ఒక్కో రాయికి అదే సగం రోజు పడుతుంది. పసుపు కుంకుమ ఉన్న రాయైతే పూజ చేసే ఆవిడనే పిలిచి, ‘అమ్మా, మీ చేత్తోనే స్నానం చేయించండి’ అనాలి. ఈ ఉపాయం పెద్దసారుది. ఆవిడ బిందెతో నీళ్ళు పోసి చేత్తో రుద్దుతుంది. మనకు రాయి శుభ్రపడుతుంది, ఆవిడకు అభిషేకం జరుగుతుంది. పని అయ్యాక కొత్త పసుపు కొని ఇచ్చి, రాత లేని వెనక వైపు రాయమని అడిగితే కాదన్నవాళ్ళను నేను చూడలేదు.

అక్షరాల గాళ్ళలో ఎనామిల్ పెయింటు నింపిన రాళ్ళు కూడా కనిపిస్తాయి. అభిమానంతో చేస్తారు. ఊరి కుర్రాళ్ళు చందాలు వేసుకుని పసుపుపచ్చ రంగు డబ్బా కొని, తెలిసిన అక్షరంలా కనిపించినదల్లా దిద్దుతారు. అక్కడ ‘ప’ను ‘వ’గా దిద్దితే ఆ తర్వాత వచ్చేవాడికి ‘వ’ తప్ప ఏమీ కనబడదు. వాళ్ళను కోప్పడకండి. ఆ రాయిని ఎవరైనా పట్టించుకున్నారంటే అది వాళ్ళే. నకలు తీసేటప్పుడు వాళ్ళ చేతనే కాగితం పట్టించండి. నల్లటి కాగితం మీద తెల్లగా అసలు అక్షరం తేలగానే రంగు డబ్బా పని ఎందుకు కూడదో వాళ్ళకే తెలిసిపోతుంది.

నకలును మేం ఎస్టాంపేజీ అంటాం. కాగితం మందంగా ఉండాలి, నీళ్ళకు చిరగకూడదు. మ్యాప్‌లితో బాగా పనికొస్తుంది. రాతికన్నా నాలుగు వేళ్ళు ఎక్కువగా కత్తిరించుకుని, తడిపి, పైనుంచి కిందికి రాతి మీద పరవాలి. గాలి బుడగ ఉంటే మధ్య నుంచి అంచుకు తోయాలి. ఆ తర్వాత బీటింగ్ బ్రష్షు. దట్టమైన కుచ్చుతో గట్టిగా ఉండే బ్రష్షది. దాన్ని నిలువుగా పట్టుకుని కొట్టాలి, వాలిస్తే కాగితం చిరుగుతుంది. దెబ్బ మణికట్టు నుంచి రావాలి. భుజం నుంచి కొడితే పది నిమిషాల్లో చెయ్యి పడిపోతుంది, దెబ్బా ఒక్కలా పడదు. కాగితం ఒక్కో అక్షరంలోకి దిగడం కంటికి కనిపిస్తుంది. పైన నున్నగా ఉన్న కాగితం మీద ముందు పెద్ద గాళ్ళు, తర్వాత ఒత్తులు, చివరికి తలకట్ల కొసలు తేలతాయి. ఎక్కడైనా చిరిగితే ఆ చోట ఇంకో తడి ముక్క వేసి కొట్టండి, రెండూ కలిసిపోతాయి.

సిరా అద్దడమే అసలు నేర్పు. డాబర్ అంటే దూదిని గుడ్డలో బిగించి కట్టిన గుండ్రటి అద్దుడు ఉండ. దానికి ఇండియన్ ఇంకు పట్టించి నేరుగా రాతి మీది కాగితానికి తాకించకూడదు. ముందు ఒక పలక మీద తట్టి, తర్వాత చిత్తు కాగితం మీద తట్టి, నల్లటి చుక్కలు పోయి బూడిదరంగు మచ్చ పడేదాకా ఆగాలి. కాగితం తడి కూడా సగం ఆరాలి. మరీ తడిగా ఉంటే సిరా అక్షరం గాట్లోకి పాకుతుంది, కింద రాతికీ అంటుతుంది. మరీ ఆరితే కాగితం దానంతట అదే లేచిపోతుంది. ఆ మధ్య సమయం శీతాకాలం పొద్దున ఎక్కువసేపు ఉంటుంది, మే నెలలో నిమిషాల లెక్క. ఎండాకాలం తప్పనిసరైతే దుప్పటి పట్టుకోవడానికి ఇద్దరిని పెట్టుకోండి. అద్దేటప్పుడు గాడి మీద బరువు వేయకుండా మెల్లగా తడుతూ పోతే రాతి ముఖం నల్లబడుతుంది, గాట్లోకి దిగిన అక్షరం తెల్లగా నిలుస్తుంది. పూర్తిగా ఆరాక పై అంచు నుంచి ఒలిచి, చుట్టి, ఊరి పేరు, తేదీ, రాతి ఏ వైపో వెనక పెన్సిల్‌తో రాయండి. అది ఆ రోజే, అక్కడే రాయాలి.

కెమెరాలు ఉన్నాయి కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఫోటో తప్పకుండా తీయండి. వెలుతురు ఎదురుగా పడితే మాత్రం అరిగిన రాయి ఫోటోలో నున్నటి బండే. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిని రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేసి తీయండి. కనిపించని అక్షరాలు లేచి వస్తాయి. చీకటి మండపంలోనైతే బయట ఒకరిని అద్దం పట్టుకుని ఎండను లోపలికి తిప్పమనండి. అయినా నిండా అరిగిన చోట వేలి కొసతో తడిమి చూడటమూ, ఎస్టాంపేజీ తీయడమూ తప్పవు.

మేస్త్రి నేర్పింది ఇక్కడే పనికొచ్చింది. ఆయనకు చదవడం రాదు. కానీ ఒక రాతి మీద నేను పొల్లు అనుకుని చదువుతున్న గీతను వేలితో తడిమి, ‘అది ఉలి పనిగాదు సారూ, పగులు’ అన్నాడు. ఉలి గాడికి రెండు అంచులూ ఒక తీరున ఉంటాయి, అడుగు నున్నగా ఉంటుంది. పగులు అక్షరాన్ని లెక్కచేయకుండా అడ్డంగా కోసుకుంటూ పోతుంది. చెక్కిన పనివాడు ఎక్కడ కూర్చుని చెక్కాడో, ఎక్కడ అలిసిపోయి పంక్తి వంకరపోయిందో కూడా ఆయన చెప్పేవాడు. రాయి నిలబెట్టాక కాకుండా పడుకోబెట్టి చెక్కారని, అందుకే కింది పంక్తులు కూడా అంత తీరుగా ఉన్నాయని ఆయన చూపించాకే నేను గమనించడం మొదలుపెట్టాను.

లిపి గురించి క్లుప్తంగా చెబుతాను, అది రోజూ సాధన చేస్తేనే వస్తుంది. పాత రాళ్ళ మీద తెలుగు కన్నడ లిపులు ఒకటే. ఎ ఏ, ఒ ఓ తేడా రాతలో చూపరు, మీరే సందర్భాన్ని బట్టి పలకాలి. బండి ఱ ఉంటుంది. ఇంకా పాతవాటిలో ఇప్పుడు మన వర్ణమాలలో లేని ‘ఴ’ కూడా ఉంటుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ రాయి అలాంటిది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, 575 ప్రాంతానిది, ఇప్పటికి దొరికినవాటిలో తొలి తెలుగు శాసనం. అభ్యాసం మాత్రం దానితో మొదలుపెట్టకండి. కాకతీయుల రాళ్ళతో మొదలుపెట్టండి. అక్షరం గుండ్రంగా, నిండుగా, మన చేతికి దగ్గరగా ఉంటుంది.

తేదీ దగ్గర ఎంత జాగ్రత్తపడినా తక్కువే. రాతిలో అంకె అరిగితే ౨కూ ౩కూ తేడా తెలియదు. దానికి మందు రాతి మీదే ఉంటుంది. శకవర్షం పక్కన సంవత్సరం పేరు కూడా రాస్తారు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల రాయినే తీసుకోండి. శక 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. శకానికి 78 కలిపితే 1289. ఇప్పుడు సరిచూడండి. మనకు తెలిసిన విరోధి 2009లో వచ్చింది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి 2009లోంచి పన్నెండు అరవైలు, అంటే 720 తీసేయండి. 1289. అంకె, పేరు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయి. అంకెను 1212 అని చదివి ఉంటే పేరు దగ్గర పట్టుబడిపోయేవాళ్ళం. తిథి, వారం, గ్రహణం కూడా ఇచ్చి ఉంటే పాత తేదీల పట్టికలున్న స్వామికన్ను పిళ్ళై ఎఫిమెరిస్ తీసి రోజు దాకా తేల్చవచ్చు. చందుపట్లది 27 నవంబరు 1289 అని అలాగే తేలింది.

ఆ రాతి మీద ఉన్న విషయం చూడండి. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయుడు శివలోకానికి వెళ్ళారని, వారికి పుణ్యంగా సోమనాథ దేవరకు భూమి ఇచ్చానని పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన రాయి అది. అది వెలుగులోకి రాకముందు రుద్రమ 1295 దాకా ఏలిందని పుస్తకాల్లో ఉండేది. ఏ ఆస్థాన కవీ చెప్పని సంగతిని ఒక బంటు రాతి మీద చెప్పి పోయాడు. ఈ పని చేసేవాళ్ళెవరికైనా ఆ రాయి ముందు నిలబడినప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది. నాకు ఇప్పటికీ అంతే.

అలాగే బయ్యారం. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు మీద రాయి. దాన్ని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివాక కాకతీయుల పూర్వులు వెన్న నుంచి వరసగా తేలారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి రాళ్ళు రెండున్నాయి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వేయించినవి. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వాటి మీద చెక్కి ఉన్నాయి. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలే వంద బండ్లు, రెండేళ్ళు. ఇంజనీర్లకు పాఠం చెప్పాల్సి వస్తే నేను ఆ రెండు రాళ్ళ దగ్గరికే తీసుకువెళతాను.

ఇప్పుడు నా మొదటి విజయం సంగతి. నల్గొండ వైపు ఒక ఊరి బయట, తాటిచెట్ల మధ్య, నడుముదాకా భూమిలో దిగిపోయిన రాయి. పైన పది పంక్తులు దానం వివరం, కింద భూమి హద్దులు. మా పెద్దసారు పైభాగం చదివి, ‘హద్దులు నువ్వు చదువు’ అని వెళ్ళి చెట్టు కింద కూర్చున్నారు. తూర్పున పుట్ట, దక్షిణాన వాగు, పడమట జంట గుండ్లు, ఉత్తరాన ఒక కుంట. కుంట పేరులో మొదటి అక్షరం పోయింది, మిగతా మూడు అక్షరాలు చదివి నేను ఆగిపోయాను. పక్కన గొర్లు కాస్తున్న ముసలాయన వింటూ ఉన్నాడు. పోయిన అక్షరాన్ని కలిపి కుంట పేరు పూర్తిగా పలికి, ‘గది మా చెల్క కాడున్న కుంటనే గద సారూ’ అన్నాడు. మళ్ళీ రాతి దగ్గరికి వెళ్ళి టార్చి వేసి చూస్తే ఆయన చెప్పిన అక్షరానికి సరిపడా గుడి గీత నిలిచే ఉంది. ఆయన ముందు నడిచాడు, మేం వెనక. వాగు ఉంది. జంట గుండ్లు ఉన్నాయి. కుంట పూడిపోయి జొన్న చేనైంది కానీ పేరు పోలేదు. ఏడు వందల ఏళ్ళ నాటి దస్తావేజును ఒక గొర్లకాపరి కాలినడకన రుజువు చేశాడు. ఆ రాయిని అంతకుముందే ఎవరైనా లారీలో ఎక్కించి మ్యూజియం ఆవరణలో నిలబెట్టి ఉంటే ఆ అక్షరం ఎప్పటికీ దొరికేది కాదు. ఆ సాయంత్రం పెద్దసారు నా నోట్‌బుక్కులో తన పేరు పక్కన నా పేరు కూడా రాశారు.

అందుకే నేను ప్రతి ఊళ్ళోనూ, ప్రతి ఆఫీసులోనూ ఒకే సంగతి పట్టుకుని వాదిస్తాను. రాయి ఉన్నచోటే ఉండాలి. తప్పనిసరై కదిలించాల్సి వస్తే పదడుగులు కదిలించండి, పది ఊళ్ళు దాటించకండి.

రాళ్ళకు ఇప్పుడున్న ముప్పుల్లో మొదటిది గుప్తనిధుల పిచ్చి. రాతలున్నాయంటే నిధి జాడ చెబుతున్నాయని నమ్మి అర్ధరాత్రి తవ్వేస్తారు. నేను నకలు తీసి చెప్పకుండా వచ్చేస్తే మర్నాడే పుకారు పుడుతుంది. కాబట్టి చదివిన రోజే రచ్చబండ దగ్గర అందరినీ కూర్చోబెట్టి మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా పైకి చదివి, మామూలు మాటల్లో చెప్పాలి. చివర శాపం ఉంటుంది, దాన్ని అసలు వదలకండి. తానిచ్చిన భూమినైనా, ఇతరులిచ్చిన భూమినైనా హరించినవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని, గంగ ఒడ్డున గోవును చంపిన పాపం తగులుతుందని ఉంటుంది. రాయలసీమలో ఒక ఊళ్ళో అది విని ఒక పెద్దాయన, ‘ఇన్నాళ్ళూ దీని మీద కూసోని బీడీలు తాగినామే సామీ’ అని లేచి కండువాతో రాయి తుడిచాడు. ఆ ఊరి రాయికి ఇప్పుడు చుట్టూ అరుగుంది.

రెండోది రోడ్డు వెడల్పు. పాత దారుల పక్కన నాటిన రాళ్ళు కాబట్టి దారి పెరిగితే ముందు తగిలేది అవే. ఒక చోట జేసీబీ పళ్ళు తగిలి వీరగల్లు పై అర విరిగిపోయాక నాకు కబురొచ్చింది. కైలాసం ఒక ముక్క, వీరుడు ఒక ముక్క. కాంట్రాక్టరు మనిషి మంచివాడే, ‘చెప్పి ఉంటే పక్కకు పోయేవాళ్ళం కదండీ’ అన్నాడు. అతను అన్నది నిజం. అప్పటి నుంచి నేను చేసే పని ఇది: రోడ్డు మంజూరైందని పేపర్లో చూడగానే ఆ దారిలో ఉన్న రాళ్ళ పట్టీ తీసి, మార్కింగు వేయకముందే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి టేబుల్ మీద పెడతాను. ప్రతి రాతికీ ఫోటో, కిలోమీటరు రాయి నుంచి దూరం, రోడ్డుకు ఏ వైపో. మార్కింగు పడ్డాక వెళ్తే గొడవ. ముందు వెళ్తే ఒక గీత వంపు, అంతే.

మూడోది క్వారీ. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో అక్కడి బండ మీద చెక్కించాడు. తెలుగు కందపద్యాలు అందులో ఉన్నాయి. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు చూపించిన ఆధారాల్లో ఆ బండ ఒకటి. గ్రానైటు తవ్వకాలు ఆ గుట్ట దాకా వచ్చాయి. అడ్డుపడి నిలబడినవాళ్ళు స్థానికులు, చరిత్ర అంటే ప్రాణమిచ్చే కొద్దిమంది ఉపాధ్యాయులు. వాళ్ళకు నేను చేతులెత్తి దండం పెడతాను.

బయలుదేరే ముందు పాత పుస్తకాలు చూడటం మరిచిపోకండి. మనకన్నా ముందు నడిచినవాళ్ళున్నారు. సర్వే అధికారి మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు ఊరూరా తిరిగి కైఫీయతులు అనే ఊళ్ళ చరిత్రలు, శాసనాల నకళ్ళు పోగుచేశారు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా వేశారు. కోస్తా, సీమ తెలుగు శాసనాలను జయంతి రామయ్య పంతులుగారు ఒక పెద్ద సంపుటంగా పరిష్కరించారు. హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్ళు 1935లో తెలంగాణ శాసనాలు అచ్చువేశారు. ఆ పుస్తకం చేత పట్టుకుని ఊరికి వెళ్ళి, ఆ రాయి ఇంకా ఉందో లేదో చూసి రావడమే ఒక పెద్ద పని. పుస్తకంలో ఉండి ఊళ్ళో లేనివి ఎన్నో. అందులో కొన్ని కల్వర్టు కింద దొరుకుతాయి, కొన్ని కొత్త గుడి పునాదిలో.

ఇక బోర్డు. నీలం రంగు బోర్డు మీరు చూసే ఉంటారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం, పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని ఉంటుంది. అది ఉండాలి. కానీ దారిపక్క రాళ్ళలో చాలావాటికి ఏ రక్షణ జాబితాలోనూ చోటు లేదు, ఏ బోర్డూ లేదు. వాటికి కాపలా పంచాయతీయే. సర్పంచితో మాట్లాడి గ్రామసభలో తీర్మానం రాయించండి. ఫలానా సర్వే నంబరులో ఫలానా రాయి ఉంది, దీన్ని కదిలించరాదు అని ఆ పుస్తకంలో ఎక్కితే సర్పంచి మారినా, కార్యదర్శి మారినా మాట మిగులుతుంది.

బోర్డు మీద ఏం రాయాలన్నది నేను అన్నింటికన్నా ఎక్కువసేపు కష్టపడే పని. ‘కాకతీయుల కాలం నాటి విశిష్టమైన శిలాశాసనం’ అని రాస్తే ఎవరూ ఆగరు. బండి మీద పోయేవాడు కాలు కింద పెట్టేంతసేపు మనకు దొరుకుతుంది. మొదటి మాట ఊరి పేరు కావాలి. రెండోది, ఇక్కడ ఏం జరిగిందో. మూడోది, ఎవరు చేశారో. ఏడాది అంకెల్లో. విశేషణాలు వద్దు. బాపట్ల జిల్లా మోటుపల్లి స్తంభానికి రాయమంటే నేనిలా రాస్తాను: ‘మోటుపల్లి. ఇది ఓడరేవు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు ఈ రాతి మీద మాట ఇచ్చాడు.’ అంతే. ఇంకో పంక్తి చేరిస్తే బరువు.

ఒక్కోసారి ఊరే వాక్యం రాసిపెట్టి ఉంటుంది. అమరావతి ప్రాంతంలో మల్కాపురం స్తంభం చూడండి. శక 1183 దుర్మతి, అంటే 1261. గణపతిదేవుడు ఇస్తానన్న మందడాన్ని, దానితో పాటు వెలగపూడిని రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యులకు ధారపోసింది. ఆయన ఆ రాబడితో మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపించాడు. ఆ వెలగపూడిలోనే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది. అటు పనిమీద వచ్చేవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఆ స్తంభం చూసి వెళ్ళాలని నా కోరిక. రాష్ట్రానికి పాలన నడిచే నేల మీద ఒకప్పుడు పురిటి ఆసుపత్రికి మాన్యం ఇచ్చారని అక్కడ రాసి ఉంది.

బోర్డు నిలబెట్టడంలో కొన్ని జాగ్రత్తలు. ఫ్లెక్సీ వద్దు, రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది. రాతి పలక మీద చెక్కించండి, లేదా ఇనుప రేకు మీద ఎనామిల్ కాల్పించండి. శాసనానికి ఆనించి కాంక్రీటు పోయకండి, సిమెంటు ఉప్పు రాతిలోకి ఎక్కి పొర లేపుతుంది. రెండడుగులు పక్కకు, ముఖం ఉత్తరానికి ఉంటే ఎండ తక్కువ పడుతుంది. పిల్లల కంటి ఎత్తులో పెట్టండి, పెద్దవాళ్ళు వంగి చదువుతారు. మొదటిసారి చదివే అవకాశం ఊరి బడిపిల్లలకే ఇవ్వండి. వాళ్ళు ఇంటికి వెళ్ళి చెప్పే మాట ఏ బోర్డుకన్నా ఎక్కువ దూరం పోతుంది.

వచ్చే వారం ఒక పాత కల్వర్టు విప్పుతున్నారు. దాని పలకల్లో ఒకదాని అడుగున అక్షరాలున్నాయని అక్కడి మేస్త్రి కబురు చేశాడు. వంగి టార్చి వేసి చూశాను, సూర్యచంద్రులు, పక్కన నాలుగు పంక్తుల కొసలు కనిపిస్తున్నాయి. పలక లేపడానికి గొలుసు వాడొద్దని, నైలాను బెల్టు వేసి, అంచుల్లో పాత టైరు ముక్కలు పెట్టి ఎత్తమని చెప్పి వచ్చాను. ఏఈ గారు ఒక పూట ఇచ్చారు. మీరూ వస్తే తెల్లవారి ఆరున్నరకల్లా అక్కడుండండి. కాగితం, సిరా నేను తెస్తాను. పీచు, రెండు బిందెలు, టార్చి మీరు తెచ్చుకోండి. నీళ్ళు ఆ కల్వర్టు కింది వాగులోవే సరిపోతాయి.